నాయన పోయిన ఏడాదికి ఐటీ రిటర్న్: ఆయన లాగిన్‌తోనే వేసేయొచ్చా?

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు) · 2025 ఆగస్టు 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మా నాయన రిటైర్డ్ హెడ్మాస్టరు. పోయిన ఏడాది నవంబరు 18న కాలం చేశారు, 71 ఏళ్లు. రిటైరైనప్పటి నుంచి ప్రతి జూలైలో ఆయనే కంప్యూటర్ ముందు కూర్చుని రిటర్న్ వేసుకునేవారు. నేను మెడికల్ షాపు చూసుకుంటా, ఆ పని వైపు ఏ రోజూ తొంగి చూసింది లేదు.

వివరాలు ఇవి. నెలకు 48,000 పెన్షన్. బ్యాంకులో 12 లక్షల ఎఫ్‌డీ, ఏడున్నర శాతం. ఏటా ఏప్రిల్ మొదటి వారంలోనే వెళ్లి 15హెచ్ (వడ్డీ మీద పన్ను పట్టొద్దని బ్యాంకుకు ఇచ్చే ఫారం) ఇచ్చి వచ్చేవారు. 2024 ఏప్రిల్‌లో ఆసుపత్రిలో ఉన్నారు, ఇవ్వలేకపోయారు. అందుకని వడ్డీ మీద 9,000 టీడీఎస్ (బ్యాంకే ముందుగా కోసే పన్ను) పట్టారు.

ఆయన ఫోన్ ఇంకా టీవీ పక్కన ఛార్జింగ్‌లోనే ఉంది. నెలనెలా అమ్మే రీఛార్జి చేయిస్తుంది, తియ్యమంటే ఊరుకోదు. పాస్‌వర్డ్ డైరీ వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసి ఉంది. మా బావ ఏమంటాడంటే, "ఓటీపీ వస్తాది, పాస్‌వర్డ్ ఉండాది, కూర్చుని పది నిమిషాల్లో వేసేయ్" అని. అట్ల చేయొచ్చా? అసలు మనిషే లేనప్పుడు రిటర్న్ వేయాలా?

---

ఉగ్గాని_బజ్జీ (అనంతపురం) · ఆగస్టు 9, రాత్రి 11:15

వేసేయ్ అన్నా. మా పెదనాయనది అట్లనే వేసినాం. రీఫండ్ కూడా పడింది. ఎవరూ ఏమీ అడగలేదు.

---

కొండారెడ్డి_బురుజు (కర్నూలు) · ఆగస్టు 10, ఉదయం 7:20

వద్దు తమ్ముడూ. "ఎవరూ అడగలేదు" అంటే "ఇంకా అడగలేదు" అనే అర్థం చేసుకో.

రిటర్న్ చివర ఒక డిక్లరేషన్ ఉంటుంది చూశావా? ఫలానా వారి కొడుకునైన నేను, నా హోదాలో, ఇవన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను అని. మీ నాయన లాగిన్‌తో వేసి ఆయన ఆధార్ ఓటీపీ కొట్టినావంటే, నవంబరులో పోయిన మనిషి ఆగస్టులో సంతకం పెట్టినట్టు. రేపు ఏదైనా లెక్క తేడా వచ్చి మరణ ధ్రువీకరణ పత్రం బయటికి తీస్తే రెండు తేదీలూ పక్కపక్కనే కనబడతాయి. పైగా కుటుంబసభ్యుల మరణాన్ని తెలిపే సదుపాయం ఆధార్ వెబ్‌సైట్‌లో కూడా ఈ ఏడాది వచ్చింది. ఆ ఓటీపీ ఎన్నాళ్లు వస్తుందో ఎవరికి తెలుసు?

సరైన దారి ఇంకోటి ఉంది, కష్టం కూడా కాదు. నువ్వు నీ పాన్‌తో నీ లాగిన్‌లోకి వెళ్లి, ఆయనకు వారసుడిగా నమోదు చేసుకుని, ఆయన తరఫున వేయాలి. మా నాన్నది 2023లో నేను అట్లే చేశాను. నమోదుకు అనుమతి వచ్చేదాకా వారం ఆగాల్సి వచ్చింది, అంతే.

---

ఏడురోడ్ల_ఆడిటర్ (కడప) · ఆగస్టు 10, మధ్యాహ్నం 1:05

బురుజు గారు చెప్పింది కరెక్టు. ముందు "అసలు వేయాలా" అన్న ప్రశ్న చూద్దాం. చాలామంది తప్పు చేసేది అక్కడే.

ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 159 ప్రకారం, మనిషి బతికి ఉంటే ఏ పన్ను కట్టాలో దానికి ఆయన వారసులు బాధ్యులు. కాబట్టి మనిషి పోయినా ఆ ఏడాది లెక్క పోదు. అయితే ఆ ఏడాది రెండు ముక్కలవుతుంది. ఏప్రిల్ 1 నుంచి పోయిన రోజు వరకు వచ్చిన ఆదాయం ఆయన పాన్ కింద. ఆ మరుసటి రోజు నుంచి వచ్చేది ఎవరికి చెందుతుందో వాళ్ల పాన్ కింద. ఇది ఒక్కటి గట్టిగా పట్టుకుంటే మిగతాదంతా కూడికలు, తీసివేతలే.

మీ లెక్క వేద్దాం. పెన్షన్: ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 7 నెలలు, 3,36,000. నవంబరులో 18 రోజులకు 28,800. మొత్తం 3,64,800. కొత్త పన్ను విధానంలో పెన్షనర్‌కు స్టాండర్డ్ డిడక్షన్ 75,000. ఏడాది మధ్యలో పోయారని దాన్ని తగ్గించరు, పూర్తిగా తీసుకోవచ్చు. మిగిలింది 2,89,800.

వడ్డీ: ఏడాదికి 90,000. ఏప్రిల్ 1 నుంచి నవంబరు 18 వరకు 232 రోజులు. 90,000ని 365తో భాగించి 232తో గుణిస్తే 57,205. మిగతా 133 రోజుల 32,795 నాయనగారిది కాదు.

2,89,800కు 57,205 కలిపితే 3,47,005. ఐదు శాతం శ్లాబులో పన్ను 2,350 వస్తుంది కానీ 7 లక్షల లోపు కాబట్టి 87ఏ రిబేటుతో సున్నా. "పన్ను సున్నా కదా, రిటర్న్ ఎందుకు" అనకండి. రిబేటు పన్నును మాఫీ చేస్తుంది గానీ రిటర్న్‌ను మాఫీ చేయదు. ఆదాయం 3 లక్షలు దాటింది, కాబట్టి వేయాల్సిందే. ఎలాగూ టీడీఎస్ వెనక్కి రావాలన్నా అదే దారి.

గడువు ఈసారి జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు పొడిగించారు. అది దాటితే డిసెంబరు 31 వరకు వేయొచ్చు గానీ, మీ స్థాయి ఆదాయానికి 1,000 లేట్ ఫీజు పడుతుంది.

---

పెన్నా_ఒడ్డు · ఆగస్టు 10, రాత్రి 9:30

ఆడిటర్ సార్, చాలా థాంక్స్. ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదు.

రెండు సందేహాలు. మొదటిది చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంది. నవంబరు పెన్షన్ పూర్తిగా, డిసెంబరుది కూడా నాయన అకౌంట్లో పడింది. మేం వెంటనే తెలపలేదు. బావ ఏటీఎం కార్డుతో తీసి నెల మాసికానికి వాడాడు. ఆ డబ్బు ఎవరి ఆదాయం కింద చూపించాలి?

రెండోది, మిగిలిన ఆ 32,795 వడ్డీ. నామినీ అమ్మే.

---

రిటైర్డ్_ఖజానా (అనంతపురం) · ఆగస్టు 11, ఉదయం 6:10

బాబూ, పెన్షన్ సంగతి నాకు వదిలెయ్యండి. ముప్పై ఏళ్లు ఆ కాగితాల మధ్యే బతికినవాణ్ణి.

పెన్షనర్ మరణించిన రోజుకు కూడా పెన్షన్ వస్తుంది. ఆ మరుసటి రోజు నుంచి ఫ్యామిలీ పెన్షన్ మొదలు. అంటే నవంబరు 19 నుంచి మీ అమ్మగారిది. నాయనగారి అకౌంట్లో ఎక్కువ పడింది ఎంత? నవంబరులో 12 రోజులకు 19,200, డిసెంబరు 48,000. మొత్తం 67,200. అది మీదీ కాదు, ఆయనదీ కాదు, ప్రభుత్వానిది. తిరిగి కట్టాలి. చలానా ద్వారా కట్టొచ్చు, అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్ బకాయిల్లోంచి పట్టుకునే పద్ధతీ ఉంది. దాచిపెడితే ఫ్యామిలీ పెన్షన్ ఫైలు కదిలేటప్పుడు ఎలాగూ బయటపడుతుంది.

సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నేను పనిచేసిన రోజుల్లో ఇలాంటివి ప్రతి నెలా వచ్చేవి. ఇంట్లో పీనుగ లేచినప్పుడు ఖజానా గుర్తుకు రాదు ఎవరికీ. ఒకటి మాత్రం అడుగుతున్నాను, మట్టి ఖర్చులకు దరఖాస్తు పెట్టుకున్నారా? చాలామంది వదిలేస్తారు.

---

పెన్నా_ఒడ్డు · ఆగస్టు 11, ఉదయం 8:45

పెట్టుకున్నాం సార్, అదొక్కటి మా బావ చూసుకున్నాడు. ఎక్కువ పడిందంతా మార్చిలో అమ్మ బకాయిల్లోంచి పట్టుకున్నారు. అదేమిటో మాకు అర్థం కాక, "తక్కువెందుకు పడింది" అని అమ్మ నెలంతా అడిగింది. ఇప్పుడు తెలిసింది.

---

ఏడురోడ్ల_ఆడిటర్ · ఆగస్టు 11, ఉదయం 11:50

అయితే తేలిపోయింది. వెనక్కి వెళ్లిన డబ్బు నాయనగారి ఆదాయం కాదు. ఫారం 16 (పెన్షన్ ఇచ్చేవాళ్లు ఇచ్చే పత్రం)లోనో ఏఐఎస్ (పన్ను శాఖ దగ్గర ఉండే మన ఆదాయాల పట్టిక)లోనో డిసెంబరు దాకా కలిపి చూపిస్తే కంగారు పడకండి. మీరు 3,64,800 మాత్రమే చూపించండి, పట్టుకున్నట్టు ఉన్న కాగితం దాచుకోండి. అమ్మగారి విషయంలో ఒక మెలిక ఉంది. చేతికి తక్కువ పడినా, ఆమె ఫ్యామిలీ పెన్షన్ పూర్తి మొత్తాన్నే లెక్కలోకి తీసుకోవాలి. కోత ఆమె ఆదాయం మీద కాదు, నాయనగారి అప్పు మీద.

ఫ్యామిలీ పెన్షన్‌ను జీతంలా చూడరు, "ఇతర ఆదాయం" కింద వేస్తారు. అందుకని 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఆమెకు రాదు. మూడో వంతు గానీ 25,000 గానీ, ఏది తక్కువైతే అది తీసేస్తారు. కొత్త విధానంలో లెక్క ఇది, పాతదాంట్లో 15,000.

ఇక ఆ 32,795 వడ్డీ. నామినీ అంటే యజమాని కాదు, బ్యాంకు దగ్గర డబ్బు తీసుకునే హక్కున్న మనిషి, అంతే. వీలునామా లేకపోతే భార్య, కొడుకు, కూతురు, నాయనగారి తల్లి బతికి ఉంటే ఆవిడ కూడా సమాన వారసులే. మీ జేజి ఉన్నారా?

---

పెన్నా_ఒడ్డు · ఆగస్టు 11, మధ్యాహ్నం 2:20

జేజి పోయి ఇరవై ఏళ్లైంది సార్. నేను, అక్క. అక్క అనంతపురంలో ఉంది. ఆ ఎఫ్‌డీ అమ్మకే ఉండాలని మేమిద్దరం అనుకున్నాం. పోయిన దసరాకే... కాదు, సంక్రాంతికి వచ్చినప్పుడు మాట్లాడుకున్నాం.

---

ఏడురోడ్ల_ఆడిటర్ · ఆగస్టు 11, సాయంత్రం 4:00

సంక్రాంతికి మాట్లాడుకున్నది కాగితం మీద ఉంటే మంచిది. అక్కగారి మీద అనుమానంతో కాదు, బ్యాంకు మేనేజరు మారినా కాగితం మారదు కాబట్టి.

అప్పుడు 32,795 అమ్మగారిది. ఆమె ఆదాయం: నవంబరులో 12 రోజులకు, డిసెంబరు నుంచి మార్చి దాకా నాలుగు నెలలకు ఫ్యామిలీ పెన్షన్, దానికి ఈ వడ్డీ. నెలకు ఎంత వస్తోంది?

---

పెన్నా_ఒడ్డు · ఆగస్టు 11, సాయంత్రం 4:10

28,800.

---

ఏడురోడ్ల_ఆడిటర్ · ఆగస్టు 11, సాయంత్రం 4:35

1,26,720లో 25,000 తీసేస్తే 1,01,720. వడ్డీతో 1,34,515. 3 లక్షలకు చాలా కింద. ఆమెకు పన్ను లేదు, రిటర్న్ వేయాల్సిన అవసరమూ లేదు. కానీ బ్యాంకు పట్టిన 9,000లో ఆమె వాటా 3,280 ఉంది, అది మొత్తం నాయనగారి పాన్ మీదే పడింది. నాయనగారి వాటా 5,720.

---

ఉగ్గాని_బజ్జీ · ఆగస్టు 11, రాత్రి 8:05

సార్, చిన్నోణ్ణి, తప్పుగా అనుకోవద్దు. 26ఏఎస్ (పాన్ మీద పట్టిన పన్నుల పట్టిక)లో 90,000 వడ్డీ, 9,000 టీడీఎస్ నాయన పేరు మీదే ఉండాయి గదా. మొత్తం ఆయన రిటర్న్‌లోనే చూపించి 9,000 ఒకేసారి తీసుకుంటే పోలా? పన్ను ఎట్లా సున్నానే. గవర్నమెంటుకు నష్టం లేదు, మనకు తలనొప్పి లేదు. 3,280 కోసం అమ్మ పేరు మీద ఇంకో రిటర్నా?

---

ఏడురోడ్ల_ఆడిటర్ · ఆగస్టు 12, ఉదయం 10:15

తప్పుగా ఎందుకు అనుకుంటాను బాబూ, మా ఆఫీసుకు వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది అడిగేది ఇదే. అట్ల వేసినవాళ్లనూ చూశాను, కంప్యూటర్ ఒప్పుకోవడమూ చూశాను. అయినా నేను వెయ్యను, వెయ్యమని చెప్పను. పోయిన మనిషికి పోయిన తర్వాత ఆదాయం ఉండదు. మీ నాయనగారి వడ్డీ 12 లక్షల మీద కాబట్టి సున్నాతో పోయింది. అదే కోటి రూపాయల ఎఫ్‌డీ అయి ఉంటే? ఆదాయాన్ని పోయినవాళ్ల శ్లాబులోకి నెట్టి పన్ను తగ్గించుకున్నారని అంటారు. చిన్న లెక్కకు ఒక నీతి, పెద్ద లెక్కకు ఇంకో నీతి ఉండదు.

దీనికి 37బీఏ అనే నిబంధన ఉంది. ఒకరి పాన్ మీద పడిన టీడీఎస్‌ను, ఆ ఆదాయం నిజంగా ఎవరిదో వాళ్లు తీసుకోవచ్చు. పద్ధతి ప్రకారం బ్యాంకుకు ఒక డిక్లరేషన్ ఇవ్వాలి. ఐటీఆర్-2 అనే రిటర్న్ ఫారంలో టీడీఎస్ పట్టిక దగ్గర "ఇతర వ్యక్తి" అని ఒక గడి, ఆ మనిషి పాన్ రాయడానికి ఒక గడి ఉంటాయి. ఐటీఆర్-1లో ఉండవు. ఏఐఎస్‌లో కూడా ఆ వడ్డీ దగ్గర "వేరే పాన్‌కు లేదా వేరే ఏడాదికి సంబంధించింది" అని అభిప్రాయం పెట్టుకోవచ్చు.

3,280 వదిలేసుకుంటారా, వేసుకుంటారా అన్నది ఇంట్లో తేల్చుకోండి. వదిలేస్తే నేరమేం కాదు.

---

చీనీ_తోట (తాడిపత్రి) · ఆగస్టు 12, మధ్యాహ్నం 3:40

మధ్యలో దూరుతున్నా, ఇది నాకు జరిగింది కాబట్టి చెప్తున్నా. మా నాయన బెంగళూరు ఆసుపత్రిలో పోయినాడు. ఇక్కడికి తెచ్చి తోటలోనే కార్యం చేసినాము. మరణ ధ్రువీకరణ పత్రం కోసం మా పంచాయతీ కార్యదర్శి దగ్గరికి పోతే, మరణం ఎక్కడ జరిగిందో అక్కడే నమోదు అని తిప్పి పంపినారు. మళ్లీ బెంగళూరు పోవాల్సి వచ్చింది. మన వైపు నుంచి ఎంతమంది పెద్ద రోగాలకు బెంగళూరు, వేలూరు పోతారో లెక్కలేదు. ఎవరికైనా ఇట్ల జరిగితే అక్కడి నుంచి బయల్దేరే ముందే ఆసుపత్రి వాళ్లను నమోదు గురించి అడగండి. 21 రోజుల్లోపు అయితే ఫీజు కూడా ఉండదు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలంటారు.

ఇంకోటి. పెన్నా ఒడ్డు గారూ, మీ నాయన పేరు మీద భూమి ఏమైనా ఉండాదా? ఊరికే అడగడం కాదు, దానికి కారణముంది.

---

పెన్నా_ఒడ్డు · ఆగస్టు 12, రాత్రి 9:15

ఉంది అన్నా. మూడెకరాల చీనీ తోట. 2024 మే నెలలో కాపు గుత్తకిచ్చి 80,000 తీసుకున్నారు. కానీ వ్యవసాయానికి పన్ను లేదు కదా అని రాయలేదు.

---

చీనీ_తోట · ఆగస్టు 12, రాత్రి 9:32

నాకు అనుమానం వచ్చింది. నాదీ చీనీ తోటే అని నా పేరు చూస్తేనే తెలిసింటుంది మీకు. ఆడిటర్ సార్, ఇక మీరే.

---

ఏడురోడ్ల_ఆడిటర్ · ఆగస్టు 13, ఉదయం 9:50

ఇదీ సంగతి! ఈ ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే అరవై శాతం చర్చ తగ్గేది.

వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదన్నది నిజమే. కానీ అది 5,000 దాటితే ఐటీఆర్-1 వేయకూడదు. నాయనగారిది ఐటీఆర్-2 అవుతుంది. మే నెలలో వచ్చింది కాబట్టి 80,000 ఆయన లెక్కలోదే.

పన్ను మారుతుందా అంటే, వ్యవసాయ ఆదాయాన్ని రేటు తేల్చడానికి మాత్రం కలుపుతారు. 3,47,010కి (పదికి సర్దితే) 80,000 కలిపితే 4,27,010, దాని మీద 6,350. 3 లక్షలకు 80,000 కలిపి 3,80,000 మీద 4,000. తేడా 2,350. ముందు వచ్చిన అంకే మళ్లీ వచ్చింది, రిబేటుతో సున్నా. మీకు మంచే జరిగింది కూడా, ఎందుకంటే ఐటీఆర్-2 ఎలాగూ వేస్తున్నారు కాబట్టి అమ్మగారి 3,280ని ఆ "ఇతర వ్యక్తి" గడిలో చూపించి ఆమెకు బదిలీ చేయొచ్చు. అమ్మగారు కూడా ఐటీఆర్-2 వేసి తీసుకుంటారు.

---

కడప_కోడలు (కడప) · ఆగస్టు 14, రాత్రి 10:05

ఆడిటర్ గారూ, చాలా రోజులుగా చదువుతున్నాను, రాయాలంటే చెయ్యి రాలేదు. మా ఆయన టీచరు, సర్వీసులో ఉండగానే ఫిబ్రవరిలో పోయారు. గ్రాట్యుటీ, సెలవుల డబ్బు, ఎల్ఐసీ డబ్బు వచ్చాయి. అన్నీ కలిపితే పెద్ద మొత్తం. మా మరిది వీటన్నిటికీ ముప్పై శాతం పన్ను పోతుందని భయపెడుతున్నాడు. అందుకే ఆయన రిటర్న్ కూడా వేయకుండా ఆపాను.

---

ఏడురోడ్ల_ఆడిటర్ · ఆగస్టు 15, ఉదయం 8:30

అమ్మా, ముందు మీ మరిదిగారిని ఆ మాట మానమనండి. బీమా చేసిన మనిషి పోయాక వచ్చే ఎల్ఐసీ డబ్బుకు పన్ను లేదు. ఉద్యోగంలో ఉండగా పోయిన వ్యక్తి సెలవుల డబ్బు కుటుంబానికి ఇస్తే దానికీ పన్ను లేదు. ప్రభుత్వ ఉద్యోగి గ్రాట్యుటీకి కూడా లేదు. వారసత్వంగా వచ్చిన ఆస్తి మీద పన్ను మన దేశంలో 1985లోనే తీసేశారు. ఇవి మీ రిటర్న్‌లో పన్ను లేని ఆదాయంగా చూపించాలే తప్ప ఒక్క రూపాయి పన్ను పడదు.

ఆ డబ్బు బ్యాంకులో వేశాక వచ్చే వడ్డీకి మాత్రం పన్ను ఉంటుంది, అది మీ పేరు మీద.

ఆయన ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి దాకా తీసుకున్న జీతానికి రిటర్న్ వేయండి. గృహరుణం, ట్యూషన్ ఫీజులు లాంటి మినహాయింపులు ఎక్కువుంటే పాత విధానం లాభం కావొచ్చు. పాత విధానం కావాలంటే మాత్రం సెప్టెంబరు 15 లోపే వేయాలి. దాటితే కొత్త విధానంలోనే లెక్క కడతారు. కాగితాలు తీసుకుని ఎవరైనా ఆడిటర్ దగ్గరికి వెళ్లండి, ఆలస్యం చేయొద్దు.

---

కడప_కోడలు · ఆగస్టు 15, ఉదయం 9:10

గృహరుణం ఉంది. సోమవారమే వెళ్తాను. మీకు నమస్కారం.

---

కొండారెడ్డి_బురుజు · ఆగస్టు 16, ఉదయం 7:45

పెన్నా ఒడ్డు తమ్ముడూ, ఒక చిన్న విషయం చెప్పడం మరిచాను. మీ నాయన అకౌంట్ అమ్మతో జాయింటేనా? అయితే రీఫండ్ పడేదాకా దాన్ని మూయొద్దు. మేం తొందరపడి మూసేశాం. రీఫండ్ ఫెయిలైందని మెసేజ్ వచ్చింది. మళ్లీ రీ-ఇష్యూ అభ్యర్థన పెట్టి, అకౌంట్ చూపించి, అది తేలేసరికి ఐదు నెలలు.

ఇంకోటి, మా నాన్న చిన్న కాంట్రాక్టరు. పాత పన్ను బాకీ ఒకటి ఉంది. వారసుడిగా నమోదు చేసుకుంటే ఆ బాకీ నా సొంత ఇంటి మీదికి వస్తుందేమోనని నెల రోజులు నిద్రపోలేదు. తర్వాత తెలిసింది, వారసుడి బాధ్యత పోయిన మనిషి ఆస్తిలోంచి మనకు వచ్చినంత వరకే. మన సొంత సంపాదన జోలికి రారు. కాకపోతే బాకీ తీరకముందే ఆ ఆస్తిని అమ్మి పంచుకుంటే మాత్రం చిక్కు.

---

పెన్నా_ఒడ్డు · ఆగస్టు 22, రాత్రి 10:50

ఇక్కడ రాసి పెడతాను, ఇంకెవరికైనా ఉపయోగపడుతుంది.

నా లాగిన్‌లో "ఆథరైజ్డ్ పార్ట్‌నర్స్" అనే దాంట్లో "రిజిస్టర్ యాజ్ రిప్రజెంటేటివ్ అసెసీ" నొక్కాలి. అందులో "డిసీజ్డ్, లీగల్ హెయిర్" ఎంచుకుని నాయన పాన్, పుట్టిన తేదీ, పోయిన తేదీ రాశాను. పాన్ కార్డు, మరణ ధ్రువీకరణ పత్రం, వారసుడినని చూపే కాగితం, ఈ మూడూ పెట్టాలి. ఇండెమ్నిటీ లెటర్ పెట్టొచ్చు, తప్పనిసరి కాదు.

ఫస్ట్ టైం తిరగ్గొట్టారు. తప్పు నాదే. వారసుడి కాగితం దగ్గర అమ్మ ఫ్యామిలీ పెన్షన్ ఆర్డర్ పెట్టాను. అది అమ్మకు పనికొచ్చే కాగితం, నమోదు చేసుకుంటున్నది నేను. నా పేరే అందులో లేదు! తర్వాత తహశీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పెట్టాను. ఫ్యామిలీ పెన్షన్ కోసం అప్పుడెప్పుడో సచివాలయంలో దరఖాస్తు పెట్టి తీసుకున్నదే, బీరువాలో ఉంది. నాలుగు రోజుల్లో అనుమతి వచ్చింది.

నాయన డైరీ తెరిచి వడ్డీ లెక్క సరిచూశాను. ప్రతి ఎఫ్‌డీకి ఒక పేజీ, మూడు నెలలకొకసారి పడిన వడ్డీ, పక్కన టిక్కు. 2024 సెప్టెంబరు దాకా ఆయన టిక్కులున్నాయి. అక్టోబరు నుంచి ఖాళీ.

---

రిటైర్డ్_ఖజానా · ఆగస్టు 23, ఉదయం 6:00

ఆ డైరీ భద్రంగా పెట్టుకోండి బాబూ. మా తరం వాళ్లకు అదే ఏఐఎస్.

---

పెన్నా_ఒడ్డు · సెప్టెంబరు 6, మధ్యాహ్నం 1:15

రెండు రిటర్నులూ వేశాను. నాయనది నా లాగిన్ నుంచి, వెరిఫికేషన్ దగ్గర నా పేరు, హోదా దగ్గర "రిప్రజెంటేటివ్" అని వచ్చింది. ఓటీపీ నా ఆధార్‌కు వచ్చింది. బావ పక్కనే కూర్చుని చూశాడు. "ఇంతేనా?" అన్నాడు.

---

ఉగ్గాని_బజ్జీ · సెప్టెంబరు 6, సాయంత్రం 5:30

అన్నా, మా పెదనాయనది అట్ల వేసినాం గదా, ఇప్పుడు భయం పట్టుకుంది. ఏమైనా చేయాలా సార్?

---

ఏడురోడ్ల_ఆడిటర్ · సెప్టెంబరు 7, ఉదయం 10:40

ఆదాయం సరిగా చూపించి ఉంటే నిద్రపో. ముందు వారసుడిగా నమోదు చేసుకుని పెట్టుకో. ఏదైనా నోటీసు వస్తే ఆయన లాగిన్‌లోంచి జవాబు ఇవ్వొద్దు, వారసుడిగానే ఇవ్వు. పోయిన మనిషి పేరు మీద ఇచ్చిన నోటీసు చెల్లదని ఢిల్లీ హైకోర్టు 2020లో చెప్పింది, ఇలాంటి తీర్పులు ఇంకా ఉన్నాయి. కానీ ఆ పాయింటు మీద కోర్టుకెక్కేంత లెక్క కాదులే మనది.

---

పెన్నా_ఒడ్డు · అక్టోబరు 17, రాత్రి 8:20

నాయన 5,720 కాస్త వడ్డీతో కలిపి జాయింట్ అకౌంట్లో పడింది. అమ్మ 3,280 మూడు రోజుల ముందే పడింది. నాయన పాన్ వెనక్కి ఇస్తూ మరణ ధ్రువీకరణ పత్రం జత చేసి ఆఫీసర్‌కు ఉత్తరం పెట్టాను. అమ్మ ఆ 5,720ని డైరీలో రాయమంది. రాశాను, టిక్కు మాత్రం పెట్టలేదు. ఫోన్ ఇంకా ఛార్జింగ్‌లోనే ఉంది.

---

పాత_బస్టాండ్ (కర్నూలు) · అక్టోబరు 19, ఉదయం 11:00

చర్చంతా ఇప్పుడే చదివాను. మా మామ 2022 జూన్‌లో పోయారు. ఆ ఏడాదికి ఎవరూ రిటర్న్ వేయలేదు. టీడీఎస్ 14,000 దాకా పట్టి ఉంది. ఇప్పుడు వేయొచ్చా?

---

ఏడురోడ్ల_ఆడిటర్ · అక్టోబరు 19, మధ్యాహ్నం 12:25

మామూలుగా వేసే గడువు పోయింది. అప్‌డేటెడ్ రిటర్న్ అని ఒకటి ఉంది, నాలుగేళ్ల దాకా వేయొచ్చు, కానీ దాంట్లో రీఫండ్ అడగడానికి వీల్లేదు. మీకు కావాల్సింది ఆలస్యాన్ని మన్నించమని పెట్టే దరఖాస్తు, సెక్షన్ 119 కింద. అసెస్‌మెంట్ ఏడాది ముగిసిన ఐదేళ్ల లోపు పెట్టొచ్చు, మీకు టైముంది. మరణం, ఆ తర్వాత ఇంటి పరిస్థితి కారణంగా చూపించండి. ముందు వారసుడిగా నమోదు అవ్వండి. మీ అత్తగారి పేరు మీదా, మీ భార్య పేరు మీదా అన్నది తేల్చుకుని కొత్త చర్చ పెట్టండి, అక్కడ చూద్దాం.